మామ మగ్గం గుంతలో ఇంజనీరింగ్ పిల్ల

ఒరేయ్ సీనూ,

దసరాకే రాయాల్సిన ఉత్తరం ఇది. ఆలస్యమైంది, కోపం పెట్టుకోకు. అమ్మ బాగుంది, చిన్నోడు ఇంటర్ రెండో ఏడు, నీ ఫాతిమానగర్ చాయ్ బాకీ అలాగే ఉంది. అసలు సంగతి విను.

మొన్న ఆదివారం వరంగల్ కొత్తవాడలో మామ ఇంటికి వెళ్తే, జంపఖానా మగ్గం గుంతలో కళ్లద్దాల పిల్ల ఒకతి కూర్చుని నేస్తోంది! ఇంజనీరింగ్ మూడో ఏడట. మామ మోకాళ్ల నొప్పి నీకు తెలుసు కదా. కాళ్లతో తొక్కే చెక్కల బరువు తగ్గిద్దామని ఆమె, ఇంకో పిల్లగాడు నాలుగు ఆదివారాలుగా వస్తున్నారు. మొదటి రోజు మోటారు బొమ్మ గీసుకొచ్చారట. మామ దాన్ని పక్కన పెట్టి, "ముందు గుంతల కూసో బిడ్డా, రెండు జానలు నెయ్యి, అటెన్క మాట్లాడుదాం" అన్నాడట.

నేశాక మోటారు మాటే ఎత్తలేదు వాళ్లు. చెక్కకు తాడు కట్టే చోటును కీలు వైపు కాస్త జరిపారు, అంతే. కాలు ఇంకొంచెం కిందికి పోవాలి గానీ బరువు సగం తగ్గినట్టుంది. గడ్డపారతో మీట సూత్రం చెప్పిన మన సార్ పాఠం రా అది! సాయంత్రం గుంతలోంచి లేచేటప్పుడు మామ గోడ పట్టుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1959లో మన ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీకి (ఇప్పటి ఎన్‌ఐటీ) నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు తాత సైకిల్ మీద పోయి చూసొచ్చాడు. 2015లో హైదరాబాద్‌లో స్టార్టప్‌ల కోసం టీ-హబ్, 2017లో మనకు మెగా టెక్స్‌టైల్ పార్కు శంకుస్థాపన, 2020లో మడికొండలో ఐటీ కంపెనీలు. అవన్నీ కావాలి, మన పిల్లలకు ఊళ్లోనే కొలువులు కావాలి. కానీ 2018లో మన జంపఖానాలకు జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అన్న ముద్ర, వచ్చింది దేనికి? ఈ గుంతల్లో ఉన్న తెలివికే కదా! ఆలేరులో చింతకింది మల్లేశం గారు అమ్మ భుజాల నొప్పి చూడలేక, చీర నేతకు ముందు చేత్తో దారం చుట్టే ఆసు పనికి యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు నేత తెలుసు కాబట్టే అయింది అది.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. నాలుగు ఆదివారాలు మామ తన పని ఆపి పిల్లలకు నేర్పాడు. ఆ కూలి ఎవరిస్తారు? స్టార్టప్‌కు డబ్బులిచ్చే పాలసీలో, నేర్పే నేతన్నకు రోజుకింత అని ఒక్క లైను ఉండాలి రా. నువ్వు సెక్రటేరియట్‌లో తిరుగుతావు కదా, ఎవరినైనా అడిగి

కరీంనగర్ బస్సు వచ్చేసింది. రంగుల సంగతి, ఆ పిల్లగాడి సంగతి మళ్లీ రాస్తా.

నీ
రాజు