గడ్డ తీసేశాక కడుపులో మిగిలేవి

విశాఖపట్నం

ఒరేయ్ శ్రీనూ,

ముందు మీ నాన్నగారి సంగతి. పెద్దపేగు క్యాన్సర్ గడ్డ తీసేశాక కీమో నడుస్తోంది, అయినా బాగున్నారు. సాయంత్రాలు బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దాకా నడిచి వస్తున్నారు. ఆ నడక మానొద్దని నువ్వూ ఫోన్లో చెప్పు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయినవాళ్లు 889 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించిన వాళ్లలో, అయిదేళ్ల నాటికి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు సుమారు 80 శాతం. పుస్తకాలిచ్చి సలహాలు మాత్రం చెప్పిన వాళ్లలో 74.

ఇక నీ ప్రశ్న. "గడ్డంతా తీసేశామన్నారు కదా, పేగులో బ్యాక్టీరియా వల్ల మళ్లీ ఎలా వస్తుందిరా?" అన్నావు. మంచి ప్రశ్న. కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే నాకు ఈ మధ్య నిద్రపట్టనివ్వనిదీ ఇదే.

ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం అని ఒక బ్యాక్టీరియా ఉంది. దాని అసలు ఇల్లు మన చిగుళ్లు. పెద్దపేగు గడ్డల్లో అది మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తోందని 2011లోనే రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. 2017లో చైనా శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు ఎక్కారు. కీమో తర్వాత జబ్బు తిరగబెట్టిన వాళ్ల గడ్డల్లో ఇది ఎక్కువగా ఉంది. మందు దెబ్బకి చావాల్సిన క్యాన్సర్ కణం, ఈ బ్యాక్టీరియా ప్రోద్బలంతో తనలోని పాడైన భాగాలనే అరిగించుకుని బతికిపోతోందట. అదే ఏడాది అమెరికా వాళ్లు కాలేయానికి పాకిన గడ్డల్లో చూస్తే, పేగులో ఉన్న బ్యాక్టీరియాయే అక్కడా కనిపించింది! క్యాన్సర్ కణాలతో కలిసి అంత దూరం వచ్చిందన్నమాట.

ఇక్కడే నాకు భయం. ఆ అమెరికా వాళ్లే మనిషి గడ్డ ముక్కల్ని ఎలుకల్లో పెంచి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, గడ్డ పెరగడం నెమ్మదించింది. విరేచనాలు పట్టుకుంటే మనవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రే అది. మీ బావగారు ఈ వార్త చదివి "ఒక కోర్సు వాడేస్తే పోదా" అన్నారట, పిన్ని చెప్పింది. వద్దురా, దయచేసి ఆపు. ఎలుకలో పనిచేసినంత మాత్రాన మనిషికి మందైపోదు. పైగా యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియాని కూడా ఊడ్చేస్తుంది. షికాగోలో ఎలుకల మీదే 2020లో ఒక పని జరిగింది. కొవ్వు తిండి పెట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, పేగు కోసి కుడితే, కొల్లాజెన్‌ని (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రొటీన్) కరిగించే ఎంటరోకాకస్ లాంటి బ్యాక్టీరియా కుట్టు దగ్గర చేరాయి. తర్వాత పేగులోకి క్యాన్సర్ కణాలు పంపితే, గడ్డలు లేచింది ఆ కుట్టు దగ్గరే. తీసేసిన చోటే ఎందుకొస్తుందని నువ్వడిగావు చూడు, దానికి దొరికిన ఆధారాల్లో ఇదొకటి.

ప్రోబయాటిక్ పొడి డబ్బా కొరియర్‌లో పంపుతానన్నావు, అదీ ఆపు. కీమోతో తెల్లకణాలు తగ్గిన మనిషికి బతికున్న బ్యాక్టీరియా ఒక్కోసారి రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. ఏదైనా సరే, క్యాన్సర్ డాక్టర్‌ని అడిగాకే.

మరి తిండి? కుట్టు మానేవరకు పీచు తక్కువ తినమన్నారు, అదయింది. ఇప్పుడు డాక్టర్ సరే అన్నారు కాబట్టి పిన్ని పొద్దున్నే చోడి అంబలి ఇస్తోంది, రైతు బజార్ నుంచి ఆకుకూరలు తెస్తోంది. పీచుని పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకి ముఖ్యమైన ఆహారం అదే. డబ్బా పొడి కంటే ఈ అంబలి మీదే నాకు నమ్మకం.

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందన్నారు మీ నాన్నగారు, పళ్ల డాక్టర్‌కి చూపిస్తాను. దానివల్ల క్యాన్సర్ ఆగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. అయినా చిగుళ్ల జబ్బుని అలా వదిలేయకూడదు. కీమో జరుగుతోందని ముందే చెప్పి, రక్తపరీక్ష కాగితాలు చూపించాకే పని మొదలుపెట్టనిస్తాను.

తిరగబెట్టేవి చాలావరకు మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. సీఈఏ రక్తపరీక్ష (క్యాన్సర్ తిరగబెడితే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్ కోసం), స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి పెద్దపేగు లోపల గొట్టంతో చూసే కొలనోస్కోపీ, డాక్టర్ రాసినవి ఒక్కటీ తప్పనివ్వను. వచ్చే నెల సీఈఏకి నేనే తీసుకెళ్తాను, నువ్వు సెలవు కోసం టెన్షన్ పడకు. కొలనోస్కోపీకి మాత్రం రా. ఆయన అడగరు గానీ, నీకోసం చూస్తారు.

నీ
రమణ