పాటల రాయల్టీ లెక్కలో తరుగు, రెండోసారి పట్టుకున్న అడ్వాన్సు గురించి ఫిర్యాదు

మిర్యాలగూడ,
14 జూలై 2025

అకౌంట్స్ మేనేజరు గారికి,

నమస్కారం.

2022 జూన్‌లో మీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం నేను రాసిన రెండు పాటలు మీ పాటల ఛానల్‌లో ఉన్నాయి. ఒకటి బతుకమ్మ పాట, ఇంకొకటి సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర పాట. వాటి రాయల్టీ లెక్క సరిగా లేదని ఫిబ్రవరి నుంచి మూడుసార్లు మెయిల్ పెట్టాను, రెండుసార్లు ఫోన్ చేశాను. "సిస్టంలో ఉన్నదే పంపాం సార్" అన్న జవాబు తప్ప ఒక్క కాగితం రాలేదు. అందుకని ఈ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

నేను ఇక్కడి రైసు మిల్లులో ఇరవై ఆరేండ్లుగా గుమస్తాను. లెక్క చదవడం నాకు వచ్చు. మీ 2024 అక్టోబరు–డిసెంబరు స్టేట్‌మెంట్ ఇట్లా ఉంది: రాబడి 1,46,000 రూపాయలు. "ఇతర ఖర్చులు" 58,400. మిగిలిన 87,600లో నా సగం 43,800. అందులోంచి అడ్వాన్సు కింద 40,000 పట్టుకున్నారు. మిగిలింది 3,800. బతుకమ్మ పండుగ వచ్చిన మూడు నెలలకు నాకు రాసిన రాయల్టీ అదీ.

2022లో మీరు 40,000 అడ్వాన్సు ఇచ్చిన మాట నిజం. అది రాయల్టీలో తీరేదాకా నాకు పైసలు రావని ఒప్పుకొని సంతకం చేశాను. తీరింది కూడా. 2024 మార్చితో ముగిసిన స్టేట్‌మెంట్ చివరి వరుసలో "అడ్వాన్సు బాకీ 0" అని మీరే రాశారు. ఆ తర్వాత రెండు త్రైమాసికాల రాయల్టీ నా ఖాతాలో వేశారు. తీరిపోయిన బాకీని డిసెంబరు లెక్కలో మళ్ళీ పట్టుకున్నారు. ఆ మార్చి, డిసెంబరు స్టేట్‌మెంట్లు రెంటినీ దీనికి జతచేశాను, పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ఆ 58,400. లెక్క కట్టి చూస్తే రాబడిలో సరిగ్గా నూటికి నలభై. బిల్లులు కూడితే వచ్చే మొత్తం అంత నిండు శాతానికి వచ్చి ఆగదు. ఎవరో ఒక శాతం అనుకొని కోసేశారని నాకు అర్థమైంది. ఒప్పందంలో ప్లాట్‌ఫాం కమీషన్, అంటే పాట వినిపించే సైట్లు, యాప్‌లు పట్టుకునేది, తీసుకోవచ్చని ఉంది. ప్రమోషన్ ఖర్చు తీయాలంటే ముందుగా నా రాతపూర్వక ఒప్పుదల కావాలని ఉంది. నన్నెవరూ అడగలేదు.

మా దగ్గర రైతుకు తరుగు అన్న మాట వింటేనే కడుపు మండుతుంది. తాలు అని, తేమ అని బస్తాకు ఇన్ని కిలోలు తీస్తే కాంటా దగ్గరే నిలదీస్తాడు, నిలదీయాలి కూడా. మిల్లుకూ లెక్క తప్పదు. సర్కారు ఇచ్చిన వడ్లు మర పట్టిస్తే క్వింటాలుకు 67 కిలోల రా రైస్ (పచ్చి బియ్యం), ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. కిలో తగ్గినా జవాబు చెప్పుకోవాలి. ఆ లెక్కల్లో వెంట్రుకలు నెరిసినవాణ్ణి, "ఇతర ఖర్చులు" అన్న రెండు మాటలకు 58,400 రూపాయలు ఎట్లా వదులుకుంటాను?

మొన్నటి దసరాకు ఒక టీవీ ఛానల్ పండుగ కార్యక్రమంలో నా బతుకమ్మ పాట వచ్చింది. ఒక చీరల దుకాణం ప్రకటనలో కూడా వచ్చిందని మా అక్క ఫోన్ చేసి చెప్పింది, తర్వాత నేనే చూశాను. స్టేట్‌మెంట్‌లో ఈ రెంటికీ ఒక్క వరుస లేదు. అడిగితే, "మా పాటలన్నీ కలిపి ఏకమొత్తానికి లైసెన్సు ఇచ్చాం, పాటవారీగా లెక్క లేదు" అన్నారు. ఒకే లారీలో పదిమంది రైతుల వడ్లు వచ్చినా ఎవరి కాంటా చీటీ వాళ్ళకే ఉంటుంది. ఏ పాట ఎన్నిసార్లు వాడారో లైసెన్సు తీసుకున్నవాళ్ళ దగ్గర తెప్పించుకొని ఏకమొత్తాన్ని ఆ లెక్కన పంచడం మీ పని. 2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణలో సెక్షన్ 19 పదో ఉపవిభాగం చూడండి. సినిమాలో భాగం కాని రికార్డింగు కోసం రచయిత హక్కు రాసిచ్చినా, ఆ పాటను ఏ రూపంలో వాడుకున్నా వచ్చే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు అతనికి పోదు. "హక్కులన్నీ రాసిచ్చావు కదా" అన్నది దానికి జవాబు కాదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది వేరే ఉంది. పాట వివరాల్లో రచయిత దగ్గర "సంప్రదాయ గీతం" అని పెట్టారు. ఉయ్యాలో అన్న మాట మా అమ్మది, వాళ్ళమ్మది, తెలంగాణలో బతుకమ్మ ఎత్తిన ప్రతి ఆడబిడ్డది. దాన్ని నాదని నేనెన్నడూ అనను. కానీ ఆ ఐదు చరణాలు నావి. మా అమ్మ చనిపోయిన ఏడాది, ఆమె తంగేడు పూలు తెచ్చే దారి తలుచుకుంటూ రాసుకున్నవి. రాతప్రతి మీకు ఇచ్చాను, రసీదు నా దగ్గర ఉంది. రచయిత లేని పాట అని నమోదైతే సాహిత్యం వాటా నాకు ఏ దారినా చేరదు. పైసలు ఒక ఎత్తు, ఆ పేరు ఒక ఎత్తు.

ఇంకో రెండు విషయాలు. 2024–25లో నాకు జమకట్టిన 31,000 మీద 3,100 టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకున్నారు. నా పేరున జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో అది కనిపించడం లేదు, పన్ను పట్టుకున్నట్టు మీరు ఇవ్వాల్సిన ఫారం 16ఏ కూడా రాలేదు. జనవరి–మార్చి స్టేట్‌మెంట్ 45 రోజుల గడువు ప్రకారం మే 15కల్లా రావాలి, నేటికీ రాలేదు. పెద్దగట్టు జాతర రెండేండ్లకోసారి వస్తుంది. ఈ ఫిబ్రవరిలో జరిగింది. జాతర పాటకు నాలుగు పైసలు వచ్చేది ఆ నెలలోనే.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో రెండోసారి పట్టుకున్న 40,000 వెనక్కి వేయండి. 58,400కు బిల్లులు పంపండి, లేని ఖర్చు తీసేసి నా సగం కట్టండి. టీవీ, ప్రకటన లైసెన్సుల మొత్తాలు, పాటవారీ వాడకం, ఆగిన స్టేట్‌మెంట్ పంపండి. పట్టుకున్న టీడీఎస్ నా పాన్ మీద చూపించి ఫారం 16ఏ ఇవ్వండి. పాట వివరాల్లో చరణాలు రాసినవాడిగా నా పేరు పెట్టండి. గడువు దాటితే ఒప్పందంలోని ఆడిట్ క్లాజు ప్రకారం మీ పుస్తకాలు చూడటానికి చార్టర్డ్ అకౌంటెంట్‌ను వెంటబెట్టుకొని వస్తాను. కాపీరైట్ దావా నేనుండే జిల్లాలోనే వేసుకునే వీలు సెక్షన్ 62 ఇచ్చింది. నల్లగొండ కోర్టు నాకు దూరం కాదు.

నా బ్యాంకు ఖాతా పాతదే, మారలేదు.

ఇట్లు,
పై రెండు పాటల రచయిత