గడ్డి పీకి గడ్డి

హైదరాబాదు,
ఆదివారం పొద్దున

ఒరేయ్ శ్రీనూ,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు, తిట్టుకో. అమ్మ మోకాలు నయం. చిన్నది బడిలో చేరింది. నేను ఇంకా లావయ్యాను. ఇక అసలు సంగతి విను.

చెరువు పక్క కాలనీ ఆవరణను తీర్చిదిద్దే పని చెప్పాను కదా? నేను వెళ్ళేసరికి నున్నటి పచ్చిక, రంగు దీపాలు, చెరువే కనబడకుండా ప్రహరీ. కాకతీయుల నాటి గొలుసుకట్టులో పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండాలి. ఇక్కడ నిండేది కార్ల సెల్లారు! 25 ఎకరాలు దాటిన చెరువుకు నిండు మట్టం నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదు. ఆ గోడ నిలుచున్నది సరిగ్గా అందులోనే. తీయించాను. పచ్చిక పీకించి, నేలను చెరువు వైపు వాలుగా చేయించి, వంకర కాలువ తవ్వించి, అందులో వట్టివేరు, నీటి అంచున తుంగ, జమ్ము నాటించాను. వేపచెట్టు కింది మైసమ్మ రాయిని కదపలేదు, బాటనే పక్కకు వంచాను.

కాలనీ కార్యదర్శిగారిది ఆరు నెలలుగా ఒకటే పాట: "ఇంత ఖర్చు పెట్టి గడ్డి పీకి గడ్డి పెడతారా?" నిజం చెప్పనా, రాత్రిళ్ళు నాకూ అదే అనుమానం.

మొన్న రాత్రి పదకొండింటికి కుండపోత. ఫోను: "మీ కాలువ పారడం లేదండీ!" పరుగెత్తాను. మోకాలి లోతు నీళ్ళు, మళ్ళీ సెల్లారు వైపే. మన హాస్టల్ ట్యాంకు పగిలిన రాత్రి గుర్తుందా? నా ముఖం అలాగే ఉండి ఉంటుంది (ఈసారి బకెట్ నా తప్పు కాదు). బాట కింది తూములో చెయ్యి పెట్టి తడిమాను. ఆకులు, బురద, ఇంకేదో బరువుగా. బలంగా లాగితే వచ్చింది: కాళ్ళు తుడుచుకునే పట్టా, మీద "సుస్వాగతం"!

టార్చి పట్టుకున్న కార్యదర్శిగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "అది మాదేనండీ" అన్నారు.

గుడగుడమని తూము మింగింది. నీళ్ళు వట్టివేరు దుబ్బుల దగ్గర నెమ్మదించి, ఎర్రమట్టిని అక్కడే దింపుకుని, కాస్త తేరుకుని చెరువులోకి జారాయి. పెద్దాయన లుంగీ ఎగగట్టి, టార్చి వెలుగు ఆ నీటి మీదే ఉంచి, అరగంట కదలలేదురా. నేనూ కదలలేదు.

తెల్లవారి చూస్తే జమ్ము దగ్గర ఒక బుడుబుంగ, నీళ్ళలో మునిగి తేలే చిన్న పిట్ట. గూడు కట్టిందని కోతలు కోయను. మునిగింది, రెండు గజాల అవతల తేలింది, అంతే. అయినా నీకు చెప్పాలనిపించింది.

చెరువు మీద గుర్రపుడెక్క మాత్రం అలాగే ఉంది. ఎగువ నుంచి మురుగు వచ్చినంత కాలం ఎంత తీసినా మళ్ళీ అల్లుకుంటుంది, దాన్ని నా గడ్డి ఆపలేదు. ఆ గొడవ రాస్తే ఇంకో... ఉండు, మబ్బు కమ్మింది, ఫోను మోగుతోంది, ఆయనే. తూము చూసి రావాలి. ఆ బకెట్ సంగతి మాత్రం మీ ఆవిడకు

- రవి