మడిగెకు అడ్వాన్సు ఇచ్చే ముందు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మా అక్క కొడుకు ఫోన్ చేసి, "హంటర్ రోడ్డు దిక్కు ఒక మడిగె చూసిన మామా, తూర్పు ముఖం, శుక్రవారం అడ్వాన్సు ఇచ్చేస్తున్న" అన్నాడు. ఏం దుకాణం పెడతావురా అంటే, అది ఇంకా అనుకోలేదట! ఇట్లాంటి పిల్లలు మన ఊళ్లో ఇంకెందరో ఉంటారు. అందుకే నాకు తగిలిన దెబ్బ గురించి రాస్తున్నా. వీలుంటే వేయండి.

నాది చిన్నపిల్లల రెడీమేడ్ బట్టల వ్యాపారం. 2017లో హన్మకొండలో (ఇప్పుడు బోర్డుల మీద హనుమకొండ అని రాస్తున్నారు, నా నోటికి ఇంకా తిరగడం లేదు) పెద్ద రోడ్డు మీద మడిగె తీసుకున్నా. కిరాయి 22 వేలు, అడ్వాన్సు రెండు లక్షలు. ఎప్పుడు చూసినా రోడ్డు నిండా బండ్లే. ఇంత రద్దీలో గిరాకీ ఎందుకు రాదు అనుకున్నా. రాలేదు. బండి ఆపుకోవడానికి చోటే లేనప్పుడు వెయ్యి బండ్లు పోతే మాత్రం ఏం లాభం? పైగా పడమటి ముఖం. ఎండాకాలం సాయంత్రాలు ఎండ నేరుగా లోపలికి కొట్టేది. బయట బొమ్మకు తొడిగిన ఎర్ర ఫ్రాక్ ఇరవై రోజుల్లో ఒక పక్క వెలిసిపోయింది. పరదా కడితే దుకాణం బంద్ ఉన్నట్టు కనబడేది. వాస్తు సంగతి నాకు తెలియదు గానీ, ఎండ సంగతి అప్పుడు బాగా తెలిసింది.

మరుసటి ఏడు రోడ్డు మధ్యన డివైడర్ వచ్చింది. మా ఎదురుగా మొదట దారి వదిలారు, నెల తిరక్కుండానే దాన్నీ మూసేశారు. ఇటు రావాలంటే అర కిలోమీటరు పోయి తిరిగి రావాలి. ఒక సాయంత్రం అవతలి పక్కన ఒకామె, చంకలో ఒక పిల్ల, చేయి పట్టుకొని ఇంకో పిల్ల. పెద్దపిల్ల మా బొమ్మ మీది పసుపు పరికిణీ చూపించి తల్లి చేయి గుంజుతోంది. ఆమె డివైడర్‌ను చూసింది, వస్తున్న లారీని చూసింది, పిల్లను లాక్కొని అటు పక్క ఉన్న దుకాణంలోకే పోయింది. నేను గల్లా దగ్గర కూర్చొని అంతా చూస్తూనే ఉన్నా.

ఆర్నెల్లకు షట్టర్ దించేశా. రాసుకున్నది పదకొండు నెలల అగ్రిమెంటే, దాన్నే మళ్లీ మళ్లీ రాసుకుంటూ వచ్చాం. రంగులకనీ రిపేర్లకనీ అడ్వాన్సులో సగం పోయింది. గిరాకీ బాగా పడ్డ దుకాణానికి ఇంకో కష్టం: పదకొండో నెల రాగానే ఓనరు కిరాయి పెంచుతాడు. ఖర్చయినా సరే, మూడేళ్లకో ఐదేళ్లకో రాసుకొని రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే నయం. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు కూడా.

రెండోసారి తొందరపడలేదు. పోచమ్మమైదాన్ దగ్గర ఒక గల్లీ మొదట్లో మడిగె ఖాళీ అవుతుందని తెలిసి, ఎదురుగా ఉన్న చాయ్ దుకాణంలో మూడు సాయంత్రాలు కూర్చున్నా. ఎడమ జేబులో చింతగింజలు పోసుకున్నా. పిల్లలను వెంటబెట్టుకొని నడిచిపోయే ఆడమనిషి కనబడితే ఒక గింజ కుడి జేబులోకి. బండ్ల మీద పోయేవాళ్లను లెక్క పెట్టలేదు. బుధవారం రెండు గంటల్లో 64 గింజలు, ఆదివారం అంతకు ఎక్కువే, వాన పడిన రోజు 19. చాయ్ ఆయన నన్ను పిచ్చోడనే అనుకొని ఉంటాడు. ఆ లెక్కతో పాటు ఇంకోటి తెలిసింది. పొద్దున బయటికి పోయేటప్పుడు జనం గల్లీకి ఒక పక్క నడుస్తారు, సాయంత్రం కూరగాయలు పట్టుకొని ఇంటికి వచ్చేటప్పుడు ఇంకో పక్క. టిఫిన్ బండికి పొద్దుటి పక్క కావాలి, నాకు తిరిగొచ్చే పక్క కావాలి. కిరాయి తొమ్మిది వేలు. పక్కనే ఇంకో రెడీమేడ్ దుకాణం ఉందని ఇంట్లో భయపడ్డారు. బట్టల బజార్‌లో దుకాణాలన్నీ ఒక్క చోటే ఎందుకు ఉన్నాయో ఆలోచించమన్నా. అక్కడ సైజు దొరకనివాళ్లు రెండడుగులు వేసి మా దగ్గరికి వస్తారు, మా దగ్గర దొరకనివాళ్లు అటు పోతారు.

ఇంతకీ మావాడు చూసిన మడిగె సెల్లార్‌లో ఉందట, అందుకే కిరాయి తక్కువ. 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ దిక్కు నీళ్లు ఎట్లా నిలిచాయో చూసినవాళ్లం. ఎండాకాలంలో చూసి మడిగె తీసుకోవద్దు. పక్కింటి గోడకు నీళ్ల చార ఎంత ఎత్తున ఉందో చూడమన్నా, మొన్నటి వానకు ఏమైందో కింది పోర్షన్ వాళ్లను అడగమన్నా. అడ్వాన్సు ప్రస్తుతానికి ఆగింది.

అధికారులకు నాదొక విన్నపం. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, డివైడర్ కట్టేటప్పుడు దారి ఎక్కడ వదులుతారో, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించే నక్షాను పని మొదలుకాకముందే ఆ రోడ్డు మీద పెద్ద బోర్డుగా పెట్టాలి. మీ జిల్లా పేజీలో కూడా వేస్తే, మడిగె వెతుక్కునేవాడు దాన్ని చూసుకొని అడ్వాన్సు ఇస్తాడు. నాకు ఆ డివైడర్ సంగతి పార పట్టుకొని కూలీలు వచ్చిన రోజు తెలిసింది.

ఇట్లు,
ఒక రెడీమేడ్ దుకాణదారు,
పోచమ్మమైదాన్, వరంగల్