కంచె పెరకొద్దు, ముందు కొలిపిద్దాం

పొదలకూరు

బావా,

ఎట్టుండావు? చెల్లెమ్మ, పిల్లకాయలు బాగుండారా? పక్కచేను పెదనాయన కంచె మన చేన్లోకి వేయించినాడని నీ ఫోను వచ్చినకాడి నుంచి నాకు మనసు మనసులో లేదు. "రాత్రికి రాత్రి ఆ కంచె కూసాలు పెరికించెయ్, ఖర్చు నాది" అన్నావు. కోపంలో అన్నమాటే, నాకు తెలుసు. కానీ ఆ పని నేను చెయ్యను, నిన్నూ చెయ్యనివ్వను. ఫోన్లో చెప్తే వినేటట్టు లేవని రాస్తుండా. తీరిగ్గా చదువు.

తెల్లారే చేనికి పోయి చూసొచ్చా. నువ్వన్నది నిజమే, కంచె మన చేన్లోకి వచ్చింది. అయితే నీకు చెప్పినోళ్ళు చెప్పినట్టు పొడుగునా రాలేదు. తూర్పున కాలవ దగ్గర గట్టు మీదే ఉంది. పడమరకు పోయేకొద్దీ వాలుకుంటా మన పక్కకు వచ్చింది. ఆ కొసన మీ నాయన నాటిన నిమ్మచెట్టు ఉంది చూడు, దాని కొమ్మ ఒకటి ముళ్ళతీగలో ఇరుక్కోని బెరడంతా ఒరుసుకుపోయి ఉంది. కాయలు సగం అవతల రాలుతుండాయి. చూస్తే నాకూ కడుపు రగిలింది.

అక్కడే చిల్లచెట్టు మొదట్లో గడ్డపారతో మన్ను గీకినా. పాత హద్దురాయి తగిలింది. నెత్తిన గాటు కూడా తెలుస్తా ఉంది. రాయి నుంచి కంచెకు టేపు పెడితే మూడడుగులు. పొడుగు రెండొందల అడుగులు వేసుకున్నా, ఒక కొసన ఏమీ లేదు, ఇంకో కొసన మూడడుగులు కాబట్టి మొత్తం 300 చదరపు అడుగులు. మన నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు గదా, నాలుగంకణాల పైచిల్లర. సెంటంటే 435 చదరపు అడుగుల పైమాట, అంత కూడా లేదు. కొంచెమే గదా వదిలెయ్ అని నేను చెప్పడంలా. అది మీ నాయన రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టిన నేల. ఒక్క అంకణం కూడా పోగూడదు. ఎట్టా తీసుకోవాలన్నదే నా బాధ.

నా టేపు కొలతను ఎవురూ ఒప్పుకోరు. సర్వేయరు కొలవాల్సిందే. సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఎఫ్‌లైన్ అర్జీ పెట్టాలి, ఎఫ్‌లైన్ అంటే పొలం హద్దు గీత. సర్వేయరు చుట్టుపక్కల రైతులకు నోటీసులిచ్చి, అందరూ ఉండంగా కొలుస్తాడు. పెదనాయన కూడా ఆ పొద్దు గట్టు మీద నిలబడాలి, అదే ముఖ్యం. ఆయన లేనప్పుడు కొలిస్తే రేపు ఆ కొలత చెల్లదంటాడు, మళ్ళీ మొదటికొస్తాం.

ఎఫ్ఎంబీ, అంటే సర్వేవాళ్ళ పొలం కొలతల పటం, దాని నకలు తీసుకున్నాక ఒక సంగతి గుర్తుపెట్టుకో. పాత పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, అడుగుల్లో కాదు. సర్వేవాళ్ళు కొలిచే గొలుసుకు 100 లింకులు, గొలుసు 66 అడుగులు. పటంలో 300 అని ఉంటే అది 198 అడుగులు. ఇది తెలవక 300 అడుగులని వాదానికి దిగినోళ్ళను నేను చూసినా. ఇంకోటి, 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళలో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు, అంటే ఒక్కో కమతం పటానికి ఇచ్చిన కొత్త నంబర్లు, వచ్చినాయి. మీ పాసుపుస్తకంలో పాత సర్వే నంబరే ఉంది. మీకు కొత్త నంబరు పడిందా, పడితే విస్తీర్ణం ఎంత రాశారు అనేది 1బీ, అంటే ఎవురి పేరున ఎంత నేలుందో చూపే రికార్డు, తీసి ముందే చూడాలి. అక్కడ తేడా ఉంటే కంచె కంటే అదే పెద్ద గొడవ.

అట్టాగని నాన్చడానికి లేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మన నేల ఇంకొకరు తమదేనని బాహాటంగా 12 ఏళ్ళు ఆపకుండా అనుభవిస్తే, ఆ తర్వాత మనం కోర్టుకు పోయినా తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఈ కంచె మీ నాయన పోయినాక వేసిందే కాబట్టి ఇంకా టయిముంది. కానీ నువ్వు ఊరొదిలి ఉండేవాడివి, ఏడాది మీద ఏడాది తెలవకుండానే పోతుంది.

పెదనాయన మీద నీకున్నంత అనుమానం నాకు లేదు. పోయినేడు అడవిపందులు ఆయన శెనక్కాయ చేను తవ్విపోసినాయి, కాయనేది మిగల్లేదు. ఆ ఆదరాబాదరాలో కూలోళ్ళను పెట్టి కంచె వేయించినాడు. రాయి చిల్లకంపలో మునిగిపోయి ఉంది, వాళ్ళు కంటికి ఆనిన గట్టును పట్టుకుని తాడు లాగినారు. నాకట్టా అనిపిస్తా ఉంది. మీ నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్ళు కాపలా ఉన్నది ఆయనే గదరా. నువ్వు కూసాలు పెరికిస్తే ఆయన స్టేషనుకు పోతాడు, కేసు నీ మీద పడుతుంది, తప్పు ఆయనదైనా దోషివి నువ్వవుతావు.

కొలత తేలినాక నువ్వే ఆయన ఇంటికి పో. వకీలును ఎంటబెట్టుకోకుండా, పెదనాయనా అని పిలిచి, రాళ్ళ ప్రకారం కూసాలు జరుపుదాం, కూలి సగం నేను పెట్టుకుంటా అని అడుగు. శెనక్కాయ పీకేదాకా ఆగమంటే ఆగు, కాకపోతే నీ అనుమతితోనే ఉంచుకున్నానని కాగితం మీద సంతకం పెట్టించుకో. ఎంత దగ్గరోడైనా కాగితం మాత్రం వదలొద్దు. అప్పటికీ మొండికేస్తే వకీలు నోటీసు, ఆపైన సివిల్ కోర్టు. కోర్టు తన తరపున ఒక కమిషనర్ని వేసి కొలిపిస్తుంది. దావా పడినా లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది.

అర్జీకి పాసుపుస్తకం, ఆధారు జిరాక్సులు కావాలి, వాట్సాప్‌లో పంపు. మీ నాయన పేరు నుంచి నీ పేరుకు మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, అయిందో లేదో కూడా చెప్పు, కాకుంటే ముందు ఆ పని చూడాలి. సర్వేయరు తేదీ ఇచ్చిన పొద్దే నీకు ఫోను చేస్తా, నువ్వు సెలవు పెట్టుకుని రావాల్సిందే. ఇరుక్కున్న కొమ్మను ఇప్పుడు కొట్టడం లేదు, అది కూడా సర్వేయరు చూడాలి. అందాకా పెదనాయనకు ఫోను చెయ్యొద్దు, కోపంగా అసలే వద్దు.

చెల్లెమ్మకు అడిగినానని చెప్పు.

నీ బావ