ఆసుపత్రి బిల్లు: డిశ్చార్జి రోజున కాదు, రెండో రోజునే అడగాలి

సంపాదకులకు,

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ ఏ ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరు దగ్గరైనా సాయంత్రం పూట ఒక్క గంట నిలబడితే ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఇంతెందుకయింది?" జవాబూ ఒకటే: "సిస్టమ్‌లో అలా వచ్చిందండీ." ఆ తర్వాత కేకలు, సెక్యూరిటీ, ఎవరో నాయకుడికి ఫోను, చివరికి అయిదు వేలో పదివేలో తగ్గింపు. రోగి తాలూకు వాళ్లు గెలిచామనుకుంటారు. బిల్లులో తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

కౌంటర్లో కూర్చున్న అమ్మాయి బిల్లు తయారు చేయదు, కూడుతుంది. బిల్లును రోజూ తయారు చేసేది వార్డు నుంచి మందులకు ఇండెంట్ (కావాల్సిన వాటి చీటీ) పెట్టే నర్సు, ఆ ఇండెంట్ చూసి మందులిచ్చే ఫార్మసీ, పరీక్ష నమోదు చేసే ల్యాబ్, సామాను జాబితా పంపే థియేటర్. తప్పు జరిగేది అక్కడ. నాలుగు రోజుల తర్వాత మొత్తం చూపించి అడిగితే, ఆ నర్సు డ్యూటీ మారి ఉంటుంది, ఖాళీ సీసాలు చెత్తలోకి పోయి ఉంటాయి. అందుకే చేరిన రెండో రోజు ఉదయమే "ఇప్పటిదాకా అయిన బిల్లు, వస్తువుల వారీగా ప్రింటు తీసి ఇవ్వండి" అని అడగాలి. బిల్లు కంప్యూటర్లో వేసే ఆసుపత్రిలో ఇది రెండు నిమిషాల పని. తర్వాత రోజు విడిచి రోజైనా తీసుకోవాలి. మొత్తం ఒక్కటే ఉన్న కాగితం ఇస్తే అది బిల్లు కాదు, అంకె.

ఆ కాగితంలో ముందు చూడాల్సింది సూది మందులు. సోమవారం రాత్రి చేరి శుక్రవారం మధ్యాహ్నం వెళ్లిన మనిషికి పన్నెండు గంటలకొకసారి యాంటీబయాటిక్ ఇస్తే, సోమవారం ఒకటి, మంగళ బుధ గురువారాల్లో ఆరు, శుక్రవారం ఉదయం ఒకటి, మొత్తం ఎనిమిది. బిల్లులో పది ఉందంటే అయిదు రోజులను రెండుతో గుణించారన్నమాట. రోగికి చేసిందంతా రాసే కేస్ షీట్‌లో మందుల చార్టు అని ఒక పేజీ ఉంటుంది. ప్రతి డోసుకూ టైమూ, నర్సు సంతకమూ అందులో వేస్తారు. బిల్లులో ఇచ్చినట్టున్న సంఖ్య లోంచి వాపసు వెళ్లిన సంఖ్య తీసేస్తే, చార్టులోని సంతకాల సంఖ్య రావాలి. తేడా ఉంటే ఆ లైను చుట్టూ గీత గీసి అడగండి. ఒక మాట ఆసుపత్రి పక్షాన కూడా చెప్పాలి: పిల్లలకు సగం వయల్ (సూది మందు సీసా) వాడినా మిగతాది పారబోయాల్సి వస్తే పూర్తి వయల్ ధర వేయడం తప్పు కాదు. సీలు తీసినవీ, ఫ్రిజ్‌లో ఉంచాల్సినవీ ఫార్మసీ వెనక్కి తీసుకోకపోవడమూ తప్పు కాదు.

ఎక్కువ డబ్బు పోయేది థియేటర్ సామాను దగ్గర. ఆపరేషన్‌కు ముందే గ్లోవ్స్, కుట్టు దారాలు, సిరంజీలు, మత్తు మందులు, డ్రేప్‌లు (రోగిపై కప్పే గుడ్డలు) అవసరానికి మించి లోపలికి పంపుతారు. మధ్యలో ఏదీ లేదనకుండా అలా పంపడం సరైన పద్ధతే. వాడనివి ఫార్మసీకి తిరిగి వెళ్లి, బిల్లులో రిటర్న్ కింద తీసివేత పడాలి. డిశ్చార్జి హడావుడిలో ఆ చీటీ ఫైనల్ బిల్లు మూసేశాక వస్తుంది, లేదా అసలు రాదు. పెద్ద ఆపరేషన్ జరిగిన బిల్లులో ఒక్క రిటర్న్ లైను కూడా లేకపోతే అనుమానించండి. లోపలికి వెళ్లిన ప్రతి వస్తువూ ఖర్చయిపోయిన ఆపరేషన్ అరుదు.

తర్వాత యూనిట్ల తికమక. పది మాత్రల షీటు ధర ఒక్క మాత్ర ధరగా ఎక్కడం, జతగా వచ్చే స్టెరైల్ గ్లోవ్స్‌ను విడివిడిగా రెండుగా లెక్కించడం, వంద గ్లోవ్స్ పెట్టె ధర ఒక జతకు పడడం లాంటివి మోసమే కానక్కర్లేదు, మందుల మాస్టర్ జాబితా నింపినవాడి పొరపాటు కావచ్చు. కానీ అది ఆ ఆసుపత్రికి వచ్చే ప్రతి రోగి బిల్లులోనూ పడుతూనే ఉంటుంది. బిల్లులోని ధరను పెట్టె మీది ఎమ్మార్పీతో పోల్చాలంటే పెట్టెలు పారేయకుండా ఉంచమని మొదటి రోజే నర్సుకు చెప్పాలి. ఎమ్మార్పీకి మించి అమ్మితే ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు 2013 కింద నేరం, ఫిర్యాదు తీసుకునేది డ్రగ్ ఇన్‌స్పెక్టర్. ధర ఎమ్మార్పీ లోపలే ఉందిగా అని ఊరుకోవడానికీ లేదు. సిరంజీలు, ఐవీ సెట్ల వంటి వాటి మీద ఎమ్మార్పీయే కొన్న ధరకు ఎన్నో రెట్లు అచ్చవుతుంది. ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ఆసుపత్రుల బిల్లుల మీద జాతీయ ఔషధ ధరల సంస్థ 2018 ఫిబ్రవరిలో బయటపెట్టిన లెక్కలో లాభం 1,737 శాతం దాకా తేలింది.

గుండెకు వేసే స్టెంట్ల సంగతి వేరు. 2017 ఫిబ్రవరిలో మందు పూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు. అప్పటి నుంచి టోకు ధరల సూచీని బట్టి సవరిస్తున్నారు కాబట్టి ఇప్పటి ధర జాతీయ ఔషధ ధరల సంస్థ వెబ్‌సైట్లో చూసుకోవాలి. అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకూ పరిమితి వచ్చింది. స్టెంటు బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా ఉండాలి. స్టెంటు పెట్టె మీది స్టిక్కరు కేస్ షీట్‌లో అంటించి ఉంటుంది, రెండూ కలవాలి.

గది అద్దె ఎప్పటి నుంచి ఎప్పటికి లెక్కో చేరేటప్పుడే అడగండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు అయితే రాత్రి పదకొండుకు చేరిన వాళ్లకు తెల్లవారి మధ్యాహ్నానికే ఒక రోజు అయిపోతుంది. ఐసీయూ నుంచి గదికి మార్చిన రోజున రెండు అద్దెలూ పడడం మామూలు తప్పు. ఐసీయూ రోజు చార్జీలో మానిటర్, సిరంజి పంపు, ఆక్సిజన్ కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోవాలి, లేకపోతే అవే మళ్లీ గంటల లెక్కన వస్తాయి. రోజుకు 5,000 రూపాయలు దాటిన గదికి 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది, ఐసీయూకు లేదు. మందుల ఎమ్మార్పీలోనే పన్ను ఉంటుంది కాబట్టి దాని మీద మళ్లీ జీఎస్టీ లైను కనిపిస్తే ఒప్పుకోవద్దు.

డాక్టర్ల విజిట్లు, పరీక్షలు తేలిక. విజిట్ జరిగితే కేస్ షీట్‌లో తేదీతో నోట్ ఉంటుంది, పరీక్ష జరిగితే రిపోర్టు ఉంటుంది. అవి లేని చోట డబ్బు అడగడానికి లేదు.

ప్యాకేజీ అనగానే జనం నిశ్చింతగా ఉంటారు. ఇందులోనే మెలిక ఉంది. శుక్లాల ఆపరేషన్ ప్యాకేజీలో లెన్సు ఏ రకం? సిజేరియన్‌లో పిల్లల డాక్టరు ఫీజు ఉందా, బిడ్డను ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) పెడితే ఏమవుతుంది? హెర్నియాలో మెష్ (లోపల కుట్టే వల) కలిసిందా? ఎన్ని రోజుల గది? ఈ జవాబులు అంచనా కాగితం మీద ఆసుపత్రి ముద్రతో రావాలి. నోటిమాట ప్యాకేజీ డిశ్చార్జి రోజున ఎవరికీ గుర్తుండదు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల గొడవ ఇంకో రకం. 3 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి పాలసీ మొత్తంలో 1 శాతమైతే రోజుకు 3,000. రోగి 6,000 గది తీసుకుంటే కోత ఆ మూడు వేలతో ఆగదు. డాక్టర్ల ఫీజు, థియేటర్ చార్జీ లాంటివి కూడా సగానికి తగ్గుతాయి. ఆసుపత్రి గదిని బట్టి మిగతా రేట్లు కూడా మారుస్తుంది కాబట్టి ఈ కోత. అయితే మందులు, వాడిపారేసే సామాను, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ నిష్పత్తి కోత వర్తించదనీ, ఐసీయూకూ, గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రులకూ అసలు వేయరాదనీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. కోత లెటర్లో ఇవి కూడా కలిపేశారేమో చూసుకోవాలి.

బీమా కంపెనీ "నాన్ పేయబుల్" అన్న ప్రతిదీ రోగి నెత్తిన పడాల్సినదీ కాదు. గ్లోవ్స్, మాస్కులు, డైపర్లు, వివరాల్లేని కిట్లు చాలా పాలసీల్లో చెల్లించరు. కానీ ఫైలు ఓపెనింగ్, డాక్యుమెంటేషన్, అడ్మిషన్ కిట్, పేషెంట్ చేతి పట్టీ, పల్స్ ఆక్సీమీటర్ గది అద్దెలోనూ, దూది, గాజ్ గుడ్డ, సర్జికల్ టేపు, థియేటర్ బుకింగ్ ఆపరేషన్ చార్జీలోనూ, రిజిస్ట్రేషన్, ఇన్ఫ్యూజన్ పంపు, యూరిన్ బ్యాగు చికిత్స ఖర్చులోనూ కలిసిపోవాలని ఐఆర్‌డీఏఐ జాబితాలే చెబుతున్నాయి. వీటికి విడిగా డబ్బు అడిగితే ఆ జాబితా చూపించి తీసేయమనాలి. అదే సంస్థ 2024 మే నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే) అనుమతికి గంటలో, డిశ్చార్జికి మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే భరించాలి. కాబట్టి ఆసుపత్రి ఫైనల్ బిల్లు కంపెనీకి పంపిన టైము రాయించుకోండి. చాలాసార్లు ఆలస్యం కంపెనీది కాదు, మధ్యాహ్నం దాకా బిల్లే పంపని ఆసుపత్రిది. క్లెయిము మీద కంపెనీకి రాసి నెల రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఫీజు లేకుండా వెళ్లవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స మంజూరైతే దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. "అప్రూవల్ వచ్చేదాకా అడ్వాన్సు కట్టండి" అని తీసుకున్నది తర్వాత తిరిగి రాకపోవడం ఇక్కడ తరచూ వినే ఫిర్యాదు. రసీదు ఉంటే 104 హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. రసీదు లేకుండా కట్టకండి, ఎంత రాత్రయినా సరే. కార్డు మెషిన్ పనిచేయడం లేదంటూ మొత్తం నగదే అడిగేచోట ఇంకా జాగ్రత్త కావాలి. ఒక చికిత్సకు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు, జరిమానా తీసుకున్నవారికే.

తగ్గింపు ఇస్తూ "బిల్లు మీద ఎలాంటి అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టించుకుంటారు. అక్కడ "లైన్ల మీద అభ్యంతరంతో కట్టాను" అని మన చేతిరాతతో రాసి తేదీ వేయాలి. డబ్బు చాలక బిల్లు పూర్తిగా కట్టలేకపోయినా, రోగిని గానీ మృతదేహాన్ని గానీ బిల్లు కోసం ఆపరాదని కేంద్రం రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఉంది.

ఇంటికొచ్చాక మొదటి పని కేస్ షీట్ నకలు అడుగుతూ ఉత్తరం. 2002 నాటి వైద్యుల ప్రవర్తన నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. నకలు వచ్చాక తప్పున్న లైన్లు మాత్రమే రాసి, ఎంత తిరిగి రావాలో చెప్పి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. "దోచుకున్నారు" అనే మాటకు విలువ లేదు. "43వ లైను, బిల్లులో 10 వయల్స్, చార్టులో 8" అనే మాటకు ఉంది. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. విజయవాడలోనూ గుంటూరులోనూ కమిషన్లు ఉన్నాయి. ఆసుపత్రి ఎక్కడున్నా మనం ఉండే చోటే కేసు వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

ఇక జిల్లా వైద్యారోగ్య శాఖాధికారులకు ఒక మాట. ప్రైవేటు ఆసుపత్రులకు 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఇచ్చేది, రెన్యూవల్ చేసేది మీ కార్యాలయాలే. ఆ తనిఖీలో ఫైర్ ఎన్‌ఓసీతో (అగ్నిమాపక శాఖ అనుమతి) పాటు గత వారం డిశ్చార్జి అయిన పది బిల్లులు తీసి కేస్ షీట్లతో పోల్చడానికి ఒక పూట చాలు. రోజువారీ బిల్లు అడగకుండానే మంచం దగ్గరికి పంపాలని షరతు పెట్టండి. ఆసుపత్రి సొంత ఫార్మసీలోనే కొనాలన్న ఒత్తిడి మీద విధానం తేల్చే పనిని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకే వదిలింది. మన రాష్ట్రం ఏం చేయబోతోందో కూడా చెప్పండి. అప్పటిదాకా పాఠకులు సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లేటప్పుడు బిల్లు, చార్టు నకళ్లు పక్కపక్కన పిన్ను చేసి ఇవ్వండి, అర్జీ నంబరు ఉన్న రసీదు తీసుకునే బయటికి రండి.

ఇట్లు,
ఆసుపత్రి బిల్లుల ఆడిట్ విభాగంలో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు