అడిగితే అతను గట్టివాడు, ఆమె గయ్యాళి

జీతం పెంచమని అడిగిన మగవాణ్ని మెచ్చుకుని, అదే మాట అడిగిన ఆడమనిషికి నోరెక్కువని ముద్ర వేసే అలవాటు ఒడిశాలోని మా బరంపురం కొట్లలో ఇంకా పోలేదు. పదకొండేళ్లుగా ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తున్నాను. మొన్న దసరా ముందు సేల్స్ కుర్రాడు యజమాని బల్ల మీద చెయ్యి ఆనించి ‘రెండు వేలు పెంచకపోతే పర్లాకిమిడి వెళ్లిపోతా’ అన్నాడు. ఆయన నవ్వి పదిహేను వందలు పెంచి, టీ కూడా తెప్పించారు. వారం తిరక్కుండా పట్టుచీరల కౌంటరు అమ్మాయి, అతనికన్నా నాలుగేళ్లు సీనియరు, నెమ్మదిగానే అడిగింది. ‘మీ ఆయన సంపాదిస్తున్నాడు కదమ్మా, నీకెందుకింత తొందర’ అని జవాబు. ఆమె బయటికి రాగానే ‘పొగరు’ అన్న మాట వినబడింది. ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడి బేరం కుదిర్చేది ఆమే. కొట్టు కోసం బేరమాడితే నేర్పు, తన కోసం ఆడితే పొగరు! (ఆ రోజు నేనూ నోరు మెదపలేదు, ఒప్పుకోవాలి.) సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, 2019 వేతనాల కోడ్ కూడా జీతంలో ఆడామగా తేడా కూడదంటోంది, కానీ గుట్టుగా సాగే జీతాల బేరం చట్టం కంట పడేదెలా? ఏ పనికెంత, ఏటా పెంపెంత అన్నది రెండు భాషల్లో రాసి కొట్లో అంటించాలి. పెంచడం కాదంటే కారణం కాగితం మీద ఇవ్వాలి. కార్మిక శాఖ తనిఖీకి వచ్చినప్పుడు జీతాల రిజిస్టరులో ఒకే పని చేసే ఆడ, మగ పేర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. వర్తకులు తలుచుకుంటే ఆ అంటించే పని వచ్చే దసరాలోపే అవుతుంది.

– ఒక గుమాస్తా, బరంపురం, గంజాం జిల్లా